దీపాల గదిలోకి పంపవచ్చా?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చర్మవైద్యులు మాట్లాడతారంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరు. తమ ముఖం మీది మచ్చలనే ఉదాహరణగా చూపిస్తామని భయం కాబోలు.

ఈరోజు నేను ఒకే ఒక ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. చాలా ఏళ్ల కిందట ఒక కౌన్సెలర్ నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న అది. "డాక్టరుగారూ, మా దగ్గరకు వచ్చే ఒకాయనకు ఒళ్లంతా సోరియాసిస్. హెచ్‌ఐవీ కూడా ఉంది. ఆయనకు లైట్ చికిత్స రాశారు. తీరా అక్కడికి వెళితే, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, ఆ వెలుతురు తగిలితే లోపల పడుకున్న వైరస్ లేస్తుంది అని చెప్పి టెక్నీషియన్ వెనక్కు పంపేశాడట. నిజమేనా? ఆ దీపాల గదిలోకి పంపవచ్చా, పంపకూడదా?"

"పంపవచ్చు" అని చెప్పి ఫోన్ పెట్టేస్తే పని అయిపోయేది. కానీ ఆ టెక్నీషియన్ అబద్ధం చెప్పలేదు. ఎక్కడో విన్న నిజాన్నే చెప్పాడు. కాకపోతే అది ప్రయోగశాల గాజు పళ్లెంలో నిజం. మనిషి ఒంట్లో అదే నిజమవుతుందా అన్నదే అసలు విషయం. దాని కోసమే ఇంత దూరం వచ్చాను.

ముందు ఆ మనిషిని మీకు చూపించాలి. ఆయన నా గదిలోకి వచ్చి వెంటనే కూర్చోలేదు. సంచిలోంచి మడిచిన పాత వార్తాపత్రిక తీసి, కుర్చీ మీద పరిచి, అప్పుడు కూర్చున్నాడు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. అరగంట తరవాత లేచినప్పుడు ఆ కాగితాన్ని నాలుగు వైపులా లోపలికి మడిచి, పొట్లంలా కట్టి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. అందులో రాలిన పొలుసులు. ఎక్కడ కూర్చున్నా తన గుర్తు అక్కడ మిగలకూడదని ఆ జాగ్రత్త. సోరియాసిస్ అంటువ్యాధి కాదని ఆయనకు తెలుసు. హెచ్‌ఐవీ కుర్చీల ద్వారా రాదనీ తెలుసు. చూసేవాళ్లకు తెలుసో తెలియదో అన్నదే ఆయన భయం.

ఇక వెలుతురు సంగతి. వెలుతురుతో చర్మానికి వైద్యం చేయడం కొత్త కాదు. బొల్లికి బావంచాలు వాడి ఎండలో కూర్చోబెట్టే పద్ధతి ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. నైలు నది ఒడ్డున పెరిగే మరో మొక్కను ఈజిప్టులో ఇదే పనికి వాడారు. ఈ రెండు మొక్కల్లోనూ ఉన్నది సొరాలెన్ అనే జాతి పదార్థాలే. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రెండు చోట్ల మనుషులు ఒకే రసాయనాన్ని పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆధునిక వైద్యంలో దీనికి గౌరవం తెచ్చినవాడు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. ముఖాన్ని తినేసే చర్మక్షయను దీపపు వెలుగుతో నయం చేసినందుకు 1903లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడాదే, 43 ఏళ్లకే పోయాడు.

1974లో సొరాలెన్ మాత్ర మింగించి, అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ అనే పొడవు తరంగాలను ఒంటికి తగిలించే 'పూవా' చికిత్స సోరియాసిస్‌కు వచ్చింది. 1980ల్లో 311 నానోమీటర్ల దగ్గర మాత్రమే వెలిగే ప్రత్యేకమైన ట్యూబులు వచ్చాయి. యూవీఏ కంటే పొట్టి తరంగాల ఈ వెలుగునే నారోబ్యాండ్ యూవీబీ అంటాం. మాత్ర అక్కర్లేదు, వాంతులు లేవు, కళ్లకు రోజంతా నల్లద్దాలు పెట్టుకునే పని లేదు. ఈరోజు నేను లైట్ చికిత్స అన్నప్పుడల్లా మీరు దీన్నే తలచుకోండి.

ఆ గది ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. పొడవాటి బీరువాలాంటి పెట్టె. లోపల నలువైపులా మనిషి ఎత్తు ట్యూబులు, వాటి వెనక అద్దంలా మెరిసే రేకు. మనిషి కళ్లకు గాగుల్స్ పెట్టుకుని మధ్యలో నిలబడతాడు. ఫ్యాను తిరుగుతుంది, నీలం ఛాయ వెలుగు వస్తుంది. మొదటి రోజు కొన్ని సెకన్లు, అంతే. తలుపు తీయగానే నూటికి తొంభై మంది అనే మాట "అయిపోయిందా?"

అంతలోనే ఏం జరుగుతుంది? సోరియాసిస్‌లో చర్మం పైపొరలోకి రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణాలు గుంపులుగా చేరి, కొత్త చర్మాన్ని అవసరానికి మించిన వేగంతో తయారు చేయిస్తుంటాయి. యూవీబీ తగిలితే ఆ టీ కణాలు చాలావరకు తమంతట తామే చచ్చిపోతాయి. దురద పుట్టించే కణాలూ, నరాల కొనలూ కూడా నెమ్మదిస్తాయి. ఈ కిరణాలు చర్మం పైపొరను, దాని కింద ఒక సన్నటి మేరను దాటి లోపలికి పోవు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

హెచ్‌ఐవీ చర్మాన్ని ఎందుకు అంత ఇబ్బంది పెడుతుంది? హెచ్‌ఐవీ దెబ్బతీసేది సీడీ4 అనే రకం టీ కణాలను. అవి తగ్గేకొద్దీ చర్మంలో లెక్క తప్పుతుంది. సోరియాసిస్ టీ కణాల వల్ల వచ్చే జబ్బు కదా, టీ కణాలు తగ్గితే అది కూడా తగ్గాలి. కానీ పెరుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో సోరియాసిస్ మిగతావాళ్ల కంటే మరీ ఎక్కువ మందికేమీ రాదు, వచ్చినవాళ్లలో మాత్రం ఒక్కసారిగా ఒళ్లంతా పాకుతుంది. తగ్గేవి సీడీ4 కణాలు, మిగిలే సీడీ8 అనే మరో రకం టీ కణాలు పెత్తనం చేస్తాయి, అదుపు చేసేవాళ్లు ఉండరు. ఇది ఒక వివరణ. ఇక దురద. సీడీ4 సంఖ్య 200 దరిదాపుల్లోకి పడిపోయినవాళ్లలో కాళ్లూ చేతుల మీద ఎడతెగని దురద గుల్లలు వస్తాయి. పురుగు కాటుకు చర్మం అతిగా స్పందించడమే అందులో చాలావాటికి మూలం. ముఖం మీద, ఛాతీ పైభాగంలో వెంట్రుక కుదుళ్ల దగ్గర లేచే ఇసినోఫిలిక్ ఫాలిక్యులైటిస్ అనేది మరొకటి. దాని పేరు పలకడం కష్టం, దానితో నిద్రపోవడం ఇంకా కష్టం.

ఇప్పుడు 1988 సంవత్సరానికి రండి. ఆ ఏడాది రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఎయిడ్స్ ఉన్న కొద్దిమంది రోగుల్లో ఈ ఫాలిక్యులైటిస్‌కు యూవీబీ ఇస్తే దురద తగ్గిందని న్యూయార్క్ చర్మవైద్యులు ప్రచురించారు. రెండు, అదే ఏడాది 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హెచ్‌ఐవీ జన్యువులను పనిలోకి దించే మీట ఉన్న కణాలను గాజు పళ్లెంలో పెంచి, వాటి మీద అతినీలలోహిత కాంతి వేస్తే ఆ మీట పనిచేయడం మొదలుపెట్టింది. కాంతి కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది, కణం కంగారుపడి అత్యవసర సంకేతాలు పంపుతుంది, ఆ సంకేతాలనే వైరస్ తనకు మేలుకొలుపుగా వాడుకుంటుంది. తరవాత ఎలుకల చర్మం మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటిదే కనిపించింది.

ఒకే ఏడాదిలో ఒక పత్రిక దీపం మేలు చేసిందంటే, ఇంకొకటి దీపం వైరస్‌ను లేపుతుందంది. అప్పటికి వైద్యుల చేతిలో ఉన్న హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్ ఒక్కటే, అదీ 1987లో వచ్చింది. అలాంటి రోజుల్లో ఎవరైనా భయపడతారు. దానికి తోడు అతినీలలోహిత కాంతి చర్మంలోని రోగనిరోధక శక్తిని కాస్త అణచివేస్తుందని 1970ల నుంచే తెలుసు. అసలే రోగనిరోధక శక్తి తగ్గినవాడికి దాన్ని ఇంకా తగ్గించే వెలుగు ఇస్తామా అన్నది చాలా న్యాయమైన ప్రశ్న. ఆ టెక్నీషియన్ చెవిన పడింది ఈ రోజుల నాటి మాటే.

1990ల్లో మనుషుల మీదే చూశారు. హెచ్‌ఐవీ ఉన్న సోరియాసిస్, దురద రోగులకు వారాల తరబడి యూవీబీ ఇచ్చి, సీడీ4 కణాలు లెక్కపెట్టారు, రక్తంలో వైరస్‌ను కొలిచారు. చిన్న అధ్యయనాలు, కొద్ది నెలల పరిశీలన. చర్మం బాగుపడింది. కొందరిలో వైరస్ కొలతలు అటూ ఇటూ కదిలాయి కానీ, చికిత్స వల్ల జబ్బు ముదిరిందని మొత్తం మీద తేలలేదు. ఇంతకంటే పెద్ద రుజువు ఉంటే బాగుండేది, నేను కాదనను.

గాజు పళ్లెంలో లేచిన వైరస్ ఒంట్లో ఎందుకు లేవలేదు? ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. పళ్లెంలో ప్రతి కణానికీ కాంతి నేరుగా తగులుతుంది. ఒంట్లో వైరస్ ప్రధానంగా దాగి ఉండేది లింఫు గ్రంథుల్లో, పేగుల గోడల్లో. 311 నానోమీటర్ల వెలుగు అక్కడిదాకా చేరనే చేరదు. చర్మంలో ఉన్న కొద్దిపాటి సోకిన కణాలకు తగిలిందే అనుకోండి. ఇప్పుడు రోగి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటున్నాడు. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక కథ మారిపోయింది. ఈ మందులు నిద్రపోతున్న వైరస్‌ను చంపవు, లేచిన వైరస్ కొత్త కణంలో కాపురం పెట్టకుండా అడ్డుపడతాయి. కాబట్టి ఒక కణంలో అది కళ్లు తెరిచినా పక్క కణంలోకి పోయే దారి మూసి ఉంటుంది.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది: ముందు మాత్రలు, పక్కన దీపం. దీపాన్ని మాత్రలకు బదులుగా ఎన్నడూ అనుకోవద్దు. ఏఆర్‌టీ ఒక్కదానితోనే చాలామందికి సోరియాసిస్ తగ్గుముఖం పడుతుంది. అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్యమండలి 2010లో చెప్పినదీ ఇదే. హెచ్‌ఐవీ ఉన్నవారికి కొద్దిపాటి సోరియాసిస్ అయితే పైపూత మందులు, ఎక్కువైతే ఏఆర్‌టీతో పాటు కాంతి చికిత్స. రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటివి ఏదీ లొంగనప్పుడు, అదీ చాలా జాగ్రత్తగా.

ఈ చికిత్స మీద నాకు ఎందుకింత ఇష్టమంటే, చాలామంది పట్టించుకోని ఒక కారణం ఉంది. హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్, కోబిసిస్టాట్ అనేవి ఉంటాయి. మిగతా మందుల బలం పెంచడానికి కలుపుతారు. ఇవి కాలేయం స్టెరాయిడ్లను విరిచివేసే పనిని అడ్డుకుంటాయి. రిటోనావిర్ వాడుతున్న మనిషికి తెలియక ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక్కటి ఇస్తే అది వారాల తరబడి ఒంట్లో పేరుకుని, ముఖం గుండ్రంగా ఉబ్బి, సుగర్ పెరిగి, నానా అవస్థ. సైక్లోస్పోరిన్‌తోనూ ఇదే తంటా. వెలుగుకు కాలేయంతో పని లేదు. ఏ మాత్రతోనూ అది ఇలా తగవు పెట్టుకోదు.

అయితే దురద అనగానే దీపం వైపు పరుగెత్తకండి. ముందు గజ్జి కాదని తేల్చుకోండి. సీడీ4 బాగా తగ్గినవాళ్లలో గజ్జి మందపాటి పెచ్చులు కట్టి అచ్చం సోరియాసిస్‌లా కనిపిస్తుంది. అలాంటి మనిషిని దీపాల గదిలో నిలబెడితే జబ్బు తగ్గదు సరికదా, తరవాత వచ్చేవాళ్లకు కూడా అంటిస్తాం. సిఫిలిస్ దద్దు కూడా వేషాలు వేస్తుంది, రక్తపరీక్ష చేయించండి. కనుబొమల దగ్గర, ముక్కు పక్కన పొట్టు రాలే సెబోరిక్ డెర్మటైటిస్‌కు ఫంగస్ క్రీములు చాలు, దీపం దండగ. ఒళ్లంతా ఎర్రబడి మండుతున్న దశలో కూడా వద్దు. ఒంటికి ఎండ సరిపడని మనిషికి అసలే వద్దు. ముదిరిన హెచ్‌ఐవీలో కొందరికి ఎండ తగిలిన చోటల్లా నల్లగా కమిలి, దురద పెడుతుంది. ఒక్కోసారి హెచ్‌ఐవీ ఉందని మొదట పట్టిచ్చేది ఆ కమిలిన మెడా, ముంజేతులే. పరీక్ష చేయకుండా "ఎండ అలర్జీ" అని పంపేసిన కేసులు నేను చూశాను.

మందుల చీటీ మొత్తం చూడాలి. కో-ట్రైమోక్సజోల్, డాక్సీసైక్లిన్, వోరికోనజోల్, నీటి మాత్ర హైడ్రోక్లోరోథయజైడ్, ఇవన్నీ చర్మాన్ని వెలుగుకు సున్నితం చేయగలవు. వీటిలో చాలావాటి గొడవ యూవీఏతోనే కాబట్టి పూవాకు ఇది మరింత ముఖ్యం. నారోబ్యాండ్‌కైనా చీటీ చూడకుండా స్విచ్ వేయకూడదు.

మొదలుపెట్టే ముందు వీపు మీదో, పిరుదు మీదో చిన్న చిన్న కిటికీలున్న గుడ్డ కట్టి, ఒక్కో కిటికీకి ఒక్కో మోతాదు వేస్తాం. మర్నాడు ఏ చదరం గులాబీ రంగుకు తిరిగిందో చూస్తాం. ఆ మోతాదులో 70 శాతంతో మొదలు. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచుతూ, 20, 30 విడతలు. మగవాళ్లకు మర్మాంగాల మీద తప్పనిసరిగా కప్పాలి. పూవా తీసుకున్నవాళ్లలో అక్కడ క్యాన్సర్లు ఎక్కువ కనిపించాక వచ్చిన నియమం ఇది. ముఖం మీద జబ్బు లేకపోతే ముఖానికీ గుడ్డ కట్టాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక రోగి 14 విడతలు చక్కగా పూర్తిచేశాడు. జ్వరం వచ్చి రెండు వారాలకు పైగా రాలేదు. తిరిగి వచ్చిన రోజు కార్డు మీద చివరిగా ఉన్న అంకె చూసి, అదే మోతాదు వేసేశారు. కార్డు మీద సంతకం నాది. తేదీ చూడలేదు నేను. రెండు వారాల్లో చర్మం వెలుగుకు అలవాటును మరిచిపోతుంది, మోతాదు సగానికి తగ్గించాల్సింది. ఆ సాయంత్రం ఆయన నవ్వుతూ ఇంటికి వెళ్లాడు. కాంతి కాలిన గాయం వెంటనే తెలియదు, పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపు బయటపడుతుంది. తెల్లవారుజామున ఫోన్ వచ్చింది: "వీపు మంచానికి ఆనడం లేదు." అప్పటినుంచి మా కార్డుల్లో మోతాదు గడికి ముందు తేదీ గడి ఉంటుంది, ఎర్ర సిరాతో.

ఏఆర్‌టీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ల గురించి ఒక మాట. మొదటి కొన్ని నెలల్లో, రోగనిరోధక శక్తి తిరిగి లేస్తున్నప్పుడు, దురద గుల్లలు ఒక్కసారిగా పెరగవచ్చు. రోగి ఏమనుకుంటాడు? "ఈ మాత్రలు పడటం లేదు" అని ఆపేస్తాడు. మందు వల్ల వచ్చే నిజమైన అలర్జీ కూడా ఉంటుంది కనుక వైద్యుడు చూసి తేల్చాలి. కానీ అది కోలుకుంటున్న ఒంటి గొడవే అయితే, ఆ కొన్ని నెలలు దురదను దాటించడానికి దీపం ఎంతో సాయం. రాత్రి నిద్ర పడితే మనిషి మాత్ర మానడు.

మీరు అడిగేవి అడగండి.

అవునమ్మా, వినిపించింది. ఆ గదిలో ఒకరి తరవాత ఒకరు నిలబడితే హెచ్‌ఐవీ అంటుతుందా అని. అంటదు. రాలిన పొలుసుల వల్ల రాదు, చెమట వల్ల రాదు. నేల తుడవడం ప్రతి రోగి తరవాతా చేసే పనే, ఎవరికి ఏముందని కాదు. గాగుల్స్ ఎవరివి వాళ్లకుంటే మంచిది, అది కూడా కళ్లకలక లాంటివాటి కోసం.

ఎండలో నిలబడితే చాలదా అంటున్నారు. ఎండకు కొలత లేదు. 311తో పాటు అక్కర్లేని యూవీఏ మొత్తం వస్తుంది, వేడి వస్తుంది, మబ్బు పట్టిన రోజుకూ మర్నాటికీ పొంతన ఉండదు. చికిత్స అన్నాక ఈరోజు ఎంత వేశామో రాసుకోగలగాలి.

క్రిములను చంపే యూవీసీ ట్యూబుల గురించి ఎవరో అడిగారు. దయచేసి ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి. అవి ఖాళీ గదుల గాలికీ, బల్లలకూ. ఒంటి మీద వేసుకుంటే చర్మం, కళ్లు కాలతాయి. ఒంట్లో ఉన్న హెచ్‌ఐవీని ఏ దీపమూ చంపదు.

క్యాన్సరు వస్తుందా? పూవా ఎక్కువ విడతలు తీసుకుంటే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, అది రుజువైంది. నారోబ్యాండ్‌తో ఇప్పటిదాకా అలా స్పష్టంగా తేలలేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు చర్మ క్యాన్సర్ల ముప్పు మామూలుగానే కొంత ఎక్కువ కాబట్టి, ఏడాదికోసారి ఒళ్లంతా చూపించుకోమంటాను. ఊదా రంగు మచ్చలు కనిపిస్తే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ కాదని తేలేదాకా దీపం ఆపాలి.

చివరి వరసలో ఉన్నాయన, చెప్పండి. "నాకు హెచ్‌ఐవీ ఉందని దీపం వేసే అతనికి చెప్పాలా?"

రాసే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చూడాలి కాబట్టి. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ కొలత, సీడీ4 లెక్క, ఈ రెండు కాగితాలు ఆ డాక్టరుకు చూపించండి. దీపం వేసే అతనికి తెలియాల్సినవి మూడే: ఈరోజు మోతాదు, కిందటిసారి ఎప్పుడు వచ్చారు, కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా. ఆయన అంతకుమించి అడిగితే మీ కార్డు మీద నా ఫోన్ నంబరు రాసి ఇస్తాను, నాతో మాట్లాడమనండి.